వేటకొడవలి

రాయలసీమ యనిన తోడనే నేటి తెలుగువారి మనస్సునకు తట్టు వస్తువు వేటకొడవలి. తాళ్లపాక తట్టదు, అహోబలము తట్టదు, గండికోట తట్టదు. 1928లో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావుగారు 'దత్తమండలములు' అను దాస్యచిహ్నమైన పేరును మాన్పి 'రాయలసీమ' యను పేరును సూచించినప్పుడు, ఆ పేరు విన్నవారికి కృష్ణరాయల కాలపు వైభవము స్ఫురింపవలెనని వారి యుద్దేశము. ఆ పేరునకు డెబ్బదియేండ్లు నిండునంతలో 'సమరసింహారెడ్డి' (1999), 'ఆది' (2002), 'ఇంద్ర' (2002) మొదలైన చలనచిత్రములు దానిప్రక్కన నొక కొడవలిని నిలిపి పోయినవి. కోస్తా పట్టణములలో చదువుకొన బోయిన మన కర్నూలు కడప పిల్లలను తోడివారు "మీ యింట నెన్ని కొడవళ్లు గలవు?" అని హాస్యమాడుట మే మెఱుగుదుము. పిల్లలును నవ్వి యూరకుందురు. కొంద ఱా హాస్యమును గౌరవముగానే స్వీకరింతురు. ఈ రెండవ సంగతియే మాకు మిక్కిలి కష్టము కలిగించుచున్నది.

ఇంత ప్రఖ్యాతి గన్న పనిముట్టు నెవరు చేయుదురు, దేనితో చేయుదురు, అది మొదట దేనికొఱకు పుట్టినది, ఆయుధ మెప్పుడైనది అను ప్రశ్నలను వేసినవారు మాత్రము మిక్కిలి తక్కువ. రాజుల ఖడ్గములకు చరిత్రలు గలవు, గ్రామపు కమ్మరి చేసిన కొడవలికి లేదు. ఉన్నంతలో దానిని కూర్చి చూతము.

పేరుతో ప్రారంభింతము. 'వేట' యనగా మృగయ యని నిఘంటువులు చెప్పును. మన జిల్లాలలో నీ శబ్దమునకు మఱియొక యర్థమును గలదు. జాతరలయందు దేవతకు బలి యిచ్చు పొట్టేలును మేకపోతును 'వేట' యందురు; 'వేటపోతు' అను మాట దానినుండియే. ఇక 'వేటు' అనగా దెబ్బ. తమిళులు తమ నఱకుడుకత్తిని 'వెట్టరివాళ్' అందురు. అందలి 'వెట్టు' నఱకుటయే. కాబట్టి వేటకొడవలి వేటాడు కొడవలియో, వేటను కొట్టు కొడవలియో, వేటు వేయు కొడవలియో యగును. మాకు చివరి రెండర్థములే సమంజసముగ తోచుచున్నవి. పరుగెత్తు జింకను పట్టదలచినవానికి విల్లో, యీటెయో, వలయో, కుక్కలో కావలయును గాని కొడవలి యేమి చేయగలదు? కుక్కలు చుట్టుముట్టిన పందిమీద తుదివ్రేటు వేయుటకును, చచ్చిన మృగమును ఖండించుటకును, కంపలో దారి తీయుటకును అది పనికివచ్చును. 'కొడవలి' అను మాట యింకను వింతైనది. 'కొడు' అనగా వంగినది, 'వాలు' అనగా కత్తి, తమిళమున 'కొడువాళ్'. అనగా పంట కోయు సాధనమునకు మన పూర్వులు పెట్టిన పేరే 'వంకరకత్తి'. పనిముట్టును ఆయుధమును ఒకే తల్లి బిడ్డలని భాష యెన్నడో చెప్పినది.

వేటకును మన సీమకును గల సంబంధము కల్పితము కాదు. అహోబలమున నేటికిని ఏటేట కనుమతో పారువేట యుత్సవము ప్రారంభమగును. స్వామి పల్లకి నలువది దినములకు పైగా, ముప్పదికి మించిన గ్రామములలో తిరిగి, చెంచులక్ష్మితో జరుగబోవు తన వివాహమునకు జనులను పిలుచునని నమ్మకము. నల్లమల చెంచులకు ఆ స్వామి అల్లుడు. గోళ్లు తప్ప వేఱాయుధము లేకయే హిరణ్యకశిపుని చీల్చిన దేవుడు పెండ్లిపిలుపునకు వేటవేషమున బయలుదేరుట చూడ ముచ్చటగ నుండును. ఆ చెంచులు విల్లు, బాణము, గొడ్డలి, కత్తి గలవారే గాని యినుము కాల్చి సాగగొట్టువారు కారు. 1943లో చెంచులనుగూర్చి గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ పండితుడు వారి బాణపు ములుకులును, కత్తులును, దుంపలు త్రవ్వు గుణపపు మొనలును మైదానపు కమ్మరులయొద్దనుండి వచ్చునవే యని గుర్తించెను. అడవిలోని వేటగాని చేతికత్తి యూరిలోని కొలిమిలో పుట్టినదే.

ఇనుము రాకమున్ను సంగతి యొక మాటలో చెప్పెదము. బనగానపల్లె దాపున జుఱ్ఱేరు లోయలోని జ్వాలాపురమున దాదాపు 35,000 సంవత్సరముల నాటి చిన్న చిన్న రాతిపలుకులు దొరకినవి. కొనగోరంత ప్రమాణముగల యీ పలుకులను కఱ్ఱకో యెముకకో పొదిగి వాడెడివారని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వాదర యొక పదార్థము, పిడి మఱియొక పదార్థము. రెంటిని కూర్చుట యొక విద్య. వేటకత్తి చేయు నేటి కమ్మరికిని విద్య యదియే.

ఉక్కు విషయమున తెలుగువారు గర్వింపదగిన చరిత్ర యున్నది. నేటి తెలంగాణములో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించిన యుక్కుకొఱకు ఇస్ఫహాను వర్తకులు వచ్చి కాచుకొని యుండెడివారని 1832లో అచ్చయిన వాయిసీ దొర వ్రాతవలన తెలియుచున్నది. రెండు తావుల యినుమును కలిపి, మూసలో మూసి కాచి, మెల్లగా చల్లార్చిన యా ముద్దలే పారశీకదేశమున పేరొందిన కత్తులయ్యెను. మన 'ఉక్కు' అను మాటయే, కన్నడముద్వారా గాని తెలుగుద్వారా గాని, ఆంగ్లమున 'వూట్జ్' అయినది; 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీలో చదివిన వ్యాసమున నిది కనబడును. తరువాత మైకేల్ ఫారడే యంతటివాడు స్టోడార్ట్ అను కత్తులు చేయువానితో కూడి 1819 మొదలు కొన్ని యేండ్లు ఈ యుక్కు మర్మమును విప్పజూచెను. విద్యుచ్ఛక్తి విషయమున అతనికి కీర్తి వచ్చుటకు ముందే మన కమ్మరి యతనిని కొంతకాలము నిద్రపోనీయలేదన్నమాట.

కర్నూలు సీమలో వెల్దుర్తి, రామళ్లకోట ప్రాంతములలో ఇనుపరాయి గలదు. 'గని' యను పేరుగల గ్రామమే యొకటి యున్నది. రాతిని కరగించుటకు బొగ్గు వలయును, బొగ్గునకు అడవి వలయును. ఒకవంక నోడలపై వచ్చిన సీమయినుము చౌకగ నమ్ముడుపోవుచుండగా, మఱియొకవంక 1882 నాటి మద్రాసు అటవీశాసనముచే కొండలు వరుసగా 'రిజర్వు' అయిపోయెను. నాటు కొలుము లిట్లు రెండువైపుల నుక్కిరిబిక్కిరియై చల్లారినవి. ఇనుము కరగించువాడు పోయెను. ఇనుము సాగగొట్టువాడు మాత్రము మిగిలెను. వాడు బండిచక్రపు పట్టాను, విఱిగిన గునపమును, చేత చిక్కినదానినెల్ల మరల కాల్చి పని చేసెను. మెత్తని యినుము నడుమ నుక్కుపలుకు నిఱికించి, కాచి యతికి, వాదరవఱకు మాత్రము ఉక్కు వచ్చునట్లు చేయుట ఆ కాలపు పొదుపుపని.

నేడు వేటకొడవలికి ముడిసరకు లారీ కమానుపట్టీ. లారీల బరువును మోసి మోసి యలసిన యా పట్టీలో కర్బనము నూటికి అరపాలునకు కొంచెము మించి యుండును. కోనసముద్రపు ఉక్కులో ఒకటిన్నర పాలు. కర్బన మెక్కువైనకొలది వాదర నిలుచును గాని దెబ్బకు పెళుసగును. కంపమీదను ఎముకమీదను పడవలసిన కత్తికి కమానుక్కే మేలు. ఈ లెక్కలు మేము పుస్తకములలో చదివితిమి. కమ్మరి పట్టీని దాగలిమీద నొక్కసారి వేసి, మ్రోత విని చెప్పును.

ఆ పని జరుగు తీరు చూడదగినది. పట్టీని కొలిమిలో పెట్టి, తుమ్మబొగ్గు కప్పి, గాలి కొట్టుదురు. తోలుతిత్తులు చాలవఱకు పోయి, చేతితో త్రిప్పు ఇనుప పంకాలు వచ్చినవి. ఇనుము మోదుగపూవు రంగునకు వచ్చువఱకు కాచి, పట్టకారుతో దాగలిమీదికి తెచ్చి, కమ్మరి చిన్నసుత్తితో దెబ్బ పడవలసిన తావు చూపును; ఎదుట నిలుచున్నవారు సమ్మెటతో అచ్చట వేయుదురు. రంగు పసిమికి దాటి తెల్లనై చుక్కలు రాలినచో ఉక్కు కాలిపోయినట్లే. ఆ ముక్క పనికిరాదు. రంగు నల్లబడిన తరువాత కొట్టినను పగులును. ఈ రెంటినడుమ దొరకు వ్యవధి మన మొక శ్లోకము చదువునంత సేపు. అందులో పది దెబ్బలు పడవలెను, ఒక్కటియు వ్యర్థము కారాదు. ఎన్ని మాఱులు కొలిమికిని దాగలికిని తిరుగునో లెక్క యుండదు. మొదట పొడవు సాగును. తరువాత వెన్ను మందముగ నుండగా వాదర పలుచనగును. కొన వంగి గ్రద్దముక్కు వలె తిరుగును. మొదలు సన్నగిల్లి పిడిలో దిగు తోక యగును.

సమ్మెట యెత్తునది తఱచుగా కమ్మరి యిల్లాలు. ఎనిమిది, పది శేర్ల బరువుగల సమ్మెటను పూటంతయు నెత్తి దింపు నామె పేరు ఆ యూర నెవరికిని తెలియదు. 'కమ్మరోళ్లామె' యని యందురు. స్త్రీలు సుకుమారులని వ్యాసములు వ్రాయు మావంటివారు ఒక ఘడియ ఆ కొలిమి ముందు నిలువబడుట మంచిది.

అన్నిటికంటె కష్టమైనది పదను పెట్టుట. చల్లారిన కత్తిని మరల పండుమిరపకాయ యెఱుపునకు కాచి, వాదరను మాత్రము నీటికి చూపుదురు, వెన్నును ముంచరు. వాదర తటాలున గట్టిపడును. వెన్ను మెత్తగనే యుండి దెబ్బను తాళును. వెంటనే వాదరను ఇటుకతో రుద్ది తెల్లగ జేసి కనిపెట్టి చూతురు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా వాదరకు ప్రాకునప్పుడు లోహముమీద గడ్డిరంగు, పిదప నేరేడుచాయ, పిదప నీలము వరుసగా పుట్టును. గడ్డిరంగున ఆపినచో వాదర మిక్కిలి గట్టిదై రాతికి తగిలి చిట్లును. నీలమువఱకు పోనిచ్చినచో మెత్తనై మడియును. నేరేడుచాయ తగిలినంతనే మొత్తమును నీట ముంచవలెను. జమ్మలమడుగు ప్రాంతపు కొలిమి యొకదాని కడ మే మీ సమయమున నేదో ప్రశ్న వేయగా, ఆ ముసలి కమ్మరి తల యెత్తకయే "అయ్యవారూ, నీళ్లు చూపేటప్పుడు పలకరించగూడదు, రంగు దాటిపోతాది" అనెను. మేము నోరు మూసికొంటిమి. పాఠశాలలో మా మాటకు దొరకని నిశ్శబ్ద మచ్చట నా రంగునకు దొరకినది.

సంస్కృతమున దీనికి శాస్త్రమున్నది. ఆఱవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితయందు ఖడ్గలక్షణమును చెప్పుచు, కత్తికి త్రాగింపవలసిన పానములను ఉశనసుని మతముగా నుదాహరించెను. సంపద కోరువాడు నెత్తురును, గుణవంతుడైన కుమారుని కోరువాడు నేతిని, తఱుగని ధనము కోరువాడు నీటిని త్రాగింపవలెనట. పాపకార్యమునకైనచో గుఱ్ఱపుపాలు, ఒంటెపాలు. అరటిబూడిదను మజ్జిగతో కలిపి ఒక దినము నిలువయుంచి పదను పెట్టినచో రాతిమీద కొట్టినను వాదర విఱుగదని యొక యోగము. వీనిలో కొన్నింటికి అర్థమున్నది: నెయ్యివంటి జిడ్డుద్రవమున ఉక్కు నెమ్మదిగ చల్లారును, పగులదు; ఉప్పు గలిసిన నీట మఱింత వేగముగ చల్లారును. కుమారుని సంగతి మాత్రము నేతికి సంబంధించినది కాదు. అన్నిటికంటె చౌకయైన నీటికే తఱుగని ధనము ఫలముగ జెప్పుట ఆచార్యుని దయ. మన కమ్మరి తరతరములుగా నీరే వాడుచున్నాడు, ధనమునకు మాత్ర మింకను ఎదురు చూచుచున్నాడు.

ధనమన్నందున కూలి సంగతియు చెప్పవలెను. పూర్వము గ్రామమున పన్నిద్దఱాయగాండ్రలో కమ్మరి యొకడు. నాగటికఱ్ఱు సాగగొట్టుట, కొడవలికి కక్కు పెట్టుట, గొడ్డలి పదును చేయుట మొదలగు వ్యవసాయపు పనులన్నిటికిని కళ్లమున ధాన్యపు 'మేర' కొలిచెడివారు. కొన్నిచోట్ల మాన్యమును ఉండెడిది. మేరలో చేరని పనికి వేఱుగ పైకము. దీని యర్థ మేమనగా, ఏది పంటకు కావలసిన పనిముట్టు, ఏది కాదు అను విభాగము గ్రామపు కట్టుబాటులోనే యుండెను. ఏ పనికని యడిగిన తరువాతనే కదా, మేరయో పైకమో తేలును!

ఇట్టి పనిముట్టు ఆయుధముగ పేరు పొందుట యెప్పుడు? మా యభిప్రాయమున సీమ నిరాయుధమైన తరువాతనే. 1800లో నైజాము ఈ మండలములను కుంపిణీకి దత్తము చేసినప్పుడు ఇచ్చట నెనుబదిమంది పాళెగాండ్రు, వారిక్రింద వేలకొలది బంట్లు నుండిరి. 1800 మొదలు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగానున్న తామస్ మన్రో వారి కోటలు పడగొట్టించి, బంట్లను చెదరగొట్టి, కొందఱిని పింఛనుదారులనుగ జేసెను. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కోటలో అంతఃపురపు తోటలవఱకు ఫిరంగులు, మందుగుండు, పోతకొలుములు దొరకుటయే కారణముగ జొహరాపురమున యుద్ధము జరిగి, ఆ సంస్థానము కుంపిణీ వశమయ్యెను. 1846లో నొస్సము పాళెగాండ్ర సంతతివాడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, తాతగారి తవర్జీ యాగిపోగా, బోయలను చెంచులను రైతులను కూర్చుకొని కోయిలకుంట్ల ఖజానాపై బడెను. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లయొద్ద నురిదీసి, తలను 1877 వఱకు కోటగుమ్మమున వ్రేలాడదీసిరి. ఒక శిశువు పుట్టి, పెరిగి, తానును బిడ్డలకు తండ్రి యగునంతకాలము ఆ తల యచ్చట నుండెను. జనుల మనస్సుమీద దాని ప్రభావమును మన మూహింపవలసినదే.

మఱుసటి యేడు, 1878లో, లిట్టను ప్రభువు ఆయుధశాసనము వచ్చెను. ఆయుధ మనగా తుపాకి, బాయినెట్టు, ఖడ్గము, బాకు, బల్లెము, బల్లెపుమొన, విల్లు, బాణము, ఫిరంగి యని అందు వరుసగ చెప్పబడినది. చెంచువాని విల్లు అందులో చేరినది. కొడవలి లేదు, గొడ్డలి లేదు. ఖడ్గము ధరించి తిరుగ వీలులేనివానికి శాసనము మిగిల్చిన వాదరలలో కొడవలి యొకటి. పేరుప్రకారము అదియును వంకరకత్తియే కదా. పగ గలవాని చేయి దానికి చాగుట స్వభావము. పాళెగాండ్ర యాధిపత్యము పోయినను ఆధిపత్యపు టాసపోలేదు. గ్రామములలో కక్షలు కట్టు పెద్దలు వెలసిరి. ఆయుధము మాత్రము కొలిమినుండి రావలసివచ్చెను. కడపటి దశలలో నాటుబాంబులును తుపాకులును ఆ కక్షలలో చేసిన నాశనము కొడవలి చేసినదానికంటె తక్కువ కాదు. చలనచిత్రములకు కొడవలి చూచుటకు బాగుండును గనుక నదియే మిగిలెను.

చచ్చినవారి భార్యలను, చదువు మానిన బిడ్డలను, పైరు పెట్టలేక బీడుపడిన పొలములను తెరమీద చూపిన చిత్రములు తక్కువ. కొడవలి యెత్తినవాడు తఱచుగా కూలివాడు, ఎత్తించినవాడు పెద్దమనిషి. జైలునకు మొదటివాడే పోవును. కమ్మరి గతి యింకొక విధము. పెద్ద కబురు పంపినప్పుడు చేయనన్నచో ఊర నుండలేడు. చేసినచో రక్షకభటుల ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. పోతులూరి వీరబ్రహ్మము విశ్వబ్రాహ్మణకులమునందు పుట్టినవాడే. కందిమల్లాయపల్లెలో ఆయన సమాధికి మ్రొక్కి, కాలజ్ఞానమును గంటలకొలది చర్చించు మనవారు, ఆ కులపు కమ్మరి యింటికి వచ్చినప్పుడు అరుగుమీద కూర్చుండుమని చెప్పుటకు సందేహింతురు. ఆయన శిష్యుడు సిద్దయ్య దూదేకుల బిడ్డ, గురువు సందేహింపలేదు.

స్వరాజ్యమునకు పిదప 1959లో క్రొత్త ఆయుధశాసనము వచ్చినది. కేవలము గృహోపయోగమునకో వ్యవసాయమునకో ఉద్దేశింపబడిన వస్తువులు ఆయుధములు కావని అందు స్పష్టముగ నున్నది. 1962 నాటి నిబంధనలలో, అట్టి ప్రయోజనము లేనిచో తొమ్మిదంగుళములకు మించిన పొడవుగాని రెండంగుళములకు మించిన వెడల్పుగాని గల యలుగు ఆయుధమగును. ఈ 'కేవలము' అను మాటకడ వేటకొడవలి చిక్కుకొన్నది. అది కంప నఱుకును, మేకలకు ఱెమ్మ దింపును, జాతరలో వేటను కొట్టును. వీనిలో దేనికిని అది కేవలము కాదు. పేరులోని వేట యన్ననో, 1972 నాటి వన్యమృగ సంరక్షణ శాసనముతో ఆ యర్థమునకు కాలము చెల్లినది.

ఇప్పుడు కొలుములు తగ్గినవి. వరి కోత యంత్రముల పాలయ్యెను; అచ్చుపోసిన కొడవళ్లు సంతలో చౌకగ దొరకును. కక్షలు తగ్గుటచేత ఆ విధమైన గిరాకియు తగ్గినది. దానికి చింతించు కమ్మరిని మేము చూడలేదు. గొఱ్ఱెలకాపరులు మాత్ర మింకను వచ్చుచున్నారు. కత్తి చేసి యిచ్చువఱకే కమ్మరి పని. పిడి తఱచుగా కొన్నవాడే తెచ్చుకొనును. చండ్రయో, చిరుమానో, ముదురు తుమ్మయో తెచ్చి, చివర పొన్ను తొడిగి, నడుమ రంధ్రము చేసినచో, కమ్మరి కత్తితోకను ఎఱ్ఱగ కాచి అందు దిగగొట్టును. కఱ్ఱ కాలి, పొగ చిమ్మి, తోకను పట్టుకొనును. ఆ తరువాత లాగినను రాదు. కాపరి తెచ్చునది గట్టి వెదురుగడ, నిలువెత్తునకు మించినది. ఱెమ్మ యందవలెను గదా. బలిపని చేయువాడు తెచ్చునది మూరెడు కఱ్ఱ. శాసనము అలుగును అంగుళములతో కొలుచుచున్నది. కమ్మరి మాత్రము ముందుగ పిడికఱ్ఱ చూపుమని యడుగును. అది చూచిన పిదపనే తోక యెంత పొడవు సాగదీయవలెనో నిర్ణయించుకొని, ఇనుమును కొలిమిలో పెట్టును.